తుపాను శాస్త్రము – మిరప కల్లము

1977 నవంబరు 19వ తేదీన బంగాళాఖాతమునుండి వచ్చిన పెనుతుపాను చీరాల ప్రాంతమున తీరము దాటినది. సముద్రము మాత్రము దానికి ఈశాన్యముగా నున్న దివిసీమపై విరుచుకొని పడినది. దాదాపు పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. తుపాను ఒకచోట దాటగా ఉప్పెన వేరొకచోట ముంచుట ఏలనని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. భూమధ్యరేఖకు ఉత్తరమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా సుడి తిరుగును. కావున మన తీరమునకు వచ్చు తుపానునకు కుడిప్రక్క గాలి సముద్రమునుండి నేలవైపునకు వీచును; ఎడమప్రక్క గాలి నేలనుండి సముద్రమువైపునకు వీచును. కుడిప్రక్క గాలి నీటిని తీరముపైకి త్రోయును. అచ్చట సముద్రము లోతు తక్కువైనచో ఆ నీరు వెనుకకు మరలుటకు తావులేక గోడవలె లేచును. ఆనాడు దివిసీమ కుడిప్రక్కన నున్నది.

ఈ సూత్రము నాటి శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. హెచ్చరిక తీరగ్రామములకు సకాలమున చేరుట, చేరినను జనము తలదాచుకొనుటకు గట్టి కట్టడముండుట – ఈ రెండును కొరవడినవి. పిమ్మట తుపాను రక్షణ భవనములు లేచినవి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము ఆకసమున కెగసినది. 1990 మే 9న కృష్ణ సాగరసంగమ ప్రాంతమున మరియొక పెనుతుపాను తీరము దాటినపుడు లక్షన్నరకు పైగా జనమును ముందుగనే తరలించిరి. మృతులు వేయికి లోపుగనే యుండిరి. వేయి ప్రాణములు స్వల్పమని ఎవరును అనజాలరు. అయినను పదమూడేండ్లలో వచ్చిన ఈ మార్పు గమనింపదగినది.

ఐక్యరాజ్యసమితి అదే 1990 మొదలు 1999 వరకు గల కాలమును ప్రకృతి వైపరీత్యముల తగ్గింపు దశాబ్దముగా ప్రకటించినది. 1994లో యొకొహామా, 2005లో కోబె, 2015లో సెండాయి నగరములలో ప్రపంచ సభలు జరిగినవి. మూడును జపానులోనివే. భూకంపములతో కాపురము చేయు దేశమునకు ఆ శ్రద్ధ సహజము. ఈ సభల నిర్ణయములను వరుసగా చూచిన, పరిశోధన మారిన తీరు గోచరించును. గాలి ఎంత వేగముతో వీచునని అడిగిన శాస్త్రము, ఆ గాలికి ఎవరి ఇల్లు కూలును, ఏల కూలునని అడుగ నేర్చినది. గాలి వేగముతోబాటు దానివలన కలుగబోవు నష్టమునుగూడ ముందుగా చెప్పవలెనని ప్రపంచ వాతావరణ సంస్థ 2015లో మార్గసూచనలు వెలువరించినది. భారత వాతావరణ శాఖయు ఆ త్రోవ పట్టినది.

గుంటూరు, ప్రకాశము మైదానములలో ఈ ప్రశ్నకు సగము జవాబే దొరికినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. దాని త్రోవ ముందే తెలిసినది. తీరమునందలి జనమును తరలించిరి. కాని చేనును తరలించుట ఎట్లు? పగిలిన కాయలోని పత్తి తడిసి రంగు మారును. నల్లరేగడి నీటిని త్వరగా విడువదు; నీరు నిలిచినచో మిరప వేళ్లకు గాలి యాడక మొక్క వడలిపోవును.

ఇక గాలివానలు లేని వైపరీత్యములును కలవు. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనము చేయగా, అప్పుల పాలైన రైతులు కొందరు ఆత్మహత్య చేసికొనిరి. 2021-22లో మిరప పూతను ఒక క్రొత్త తామరపురుగు పట్టినది. ఆగ్నేయాసియానుండి వచ్చిన ఆ పురుగు మన దేశమున బెంగుళూరులో బొప్పాయిపై కనబడినట్లు 2015లోనే శాస్త్రజ్ఞులు ప్రకటించియుండిరి. తుపాను నాలుగైదు దినముల గడువిచ్చును. ఈ పురుగు ఆరేండ్ల గడువిచ్చినది! ఆ వార్త పరిశోధన పత్రికనుండి మిరప చేనుదాక నడచి రాలేదు. జీవసంబంధమైన ఉపద్రవములనుగూడ వైపరీత్యములలో చేర్చవలెనని సెండాయి సభ చెప్పినది. పురుగునకు మాత్రము నేటికిని తుపానునకున్న పాటి హెచ్చరిక జెండా లేదు.

సెండాయి లక్ష్యములు ఏడు. మొదటిది మరణములను తగ్గించుట. మూడవది ఆర్థిక నష్టమును తగ్గించుట. ఆ నష్టమును దేశపు మొత్తము ఉత్పత్తితో పోల్చి కొలుతురు. ఆ కొలతలో రెండెకరముల కౌలు మిరప ఏ దశాంశ స్థానమునను కనబడదు. కౌలుదారుడు దానిని వేరుగా కొలుచుకొనును: కౌలు ఇంత, విత్తనమునకింత, మందులకింత, వడ్డీ ఇంత. పంట పోయినపుడు పరిహారము భూమి పట్టా ఎవరి పేర నున్నదో వారివైపు నడచుట తరచు జరుగునది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము కౌలుదారునకు కార్డు ఇచ్చుటకు భూయజమానితో ఒప్పందము కావలెనన్నది. సంతకము చేయుటకు సంకోచించు యజమానులు ప్రతి గ్రామమునను కలరు. ఉపగ్రహము నీట మునిగిన చేనును చూడగలదు. ఆ చేనిలో మిరప నాటినదెవరో దానికి కనబడదు.

ప్రతి మంగళ, శుక్రవారములందు వ్యవసాయ వాతావరణ సూచన వెలువడుచున్నది. ఎర్రబడిన కాయ కల్లములో ఎండుటకు వారము పదిదినములు పట్టును. వాన కురియునని ఆ సూచనలో చదివిన రైతు, కాయను కుప్పచేసి కప్పుటకు టార్పాలిన్ పట్టలకై ఊరిలో వెదకుచుండును.