గాలిమరలు – రాజకీయపు గాలి

కొల్లేటి చుట్టునుగల రొయ్యల చెరువులలో తెల్లవారుజామున నీటిలోని ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. ఆ గంటలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగెనా, పంట తేలిపోవును. కైకలూరు, ఆకివీడు రైతునకు ఆ కరెంటు బొగ్గున పుట్టినను, అనంతపురము గాలిలో పుట్టినను ఒక్కటే. ఐరోపాలో మాత్రము ఆ పుట్టుకయే ఎన్నికల వివాదమైనది.

అచటి తీవ్ర మితవాద పక్షములకు ('మిత'మన్నది పేరునకే) గాలిమర కంటిలో నలుసు. జర్మనీలోని ఏ.ఎఫ్.డి. నాయకురాలు అలీస్ వీడెల్ 2025 జనవరిలో రీసా మహాసభయందు, తాము అధికారమునకు వచ్చినచో గాలిమరలను కూలద్రోయుదుమని ప్రకటించెను. మరుసటి నెల ఎన్నికలలో ఆ పక్షము ఐదవవంతు ఓట్లతో రెండవ స్థానమున నిలిచెను. ఫ్రాన్సులో మరీన్ లె పెన్ 2022 అధ్యక్ష ఎన్నికలలో ఇట్టి వాగ్దానమే చేసెను. హంగేరీ కథ మరింత విచిత్రము. ఓర్బాన్ ప్రభుత్వము 2016లో క్రొత్త గాలిమరలకు దాదాపుగా తలుపులు మూసెను. అదే ఏలుబడిలో సౌరఫలకములు విరివిగా వెలసినవి. సిద్ధాంతమే కారణమైనచో గాలికొక న్యాయము, ఎండకొక న్యాయము ఏల? గాలిమర ఊరి పొలిమేరనుండి కనబడును. దానిని చూపి 'మన పల్లె మనది కాకుండ పోవుచున్నది' యని చెప్పుట సులభము. ఇంటికప్పుమీది ఫలకము ఇంటివానికి లాభము, దానిపై కోపమెవనికి?

మన భారతీయ జనతా పార్టీని ఆ పక్షములతో ఒకే గాటికి కట్టుట తొందరపాటగును. కాని జాతీయాభిమానమే దానికిని ప్రధాన నినాదము. ఆ నినాదము ఇచట ఎండను స్వదేశీ సరకుగా కొనియాడినది. 2015లో పారిస్ నగరమున భారతదేశము, ఫ్రాన్సు కలిసి అంతర్జాతీయ సౌరకూటమికి ప్రారంభము చేసినవి. 2024 ఫిబ్రవరిలో కోటి ఇండ్లను ఉద్దేశించిన సూర్యఘర్ పథకము వచ్చినది. తాడేపల్లిగూడెము చేరియున్న నరసాపురము లోక్‌సభ స్థానము ఆ ఏడే ఆ పార్టీకి దక్కినది. అయినను 2024-25లో దేశపు బొగ్గు ఉత్పత్తి నూరుకోట్ల టన్నులు దాటినది; బొగ్గును స్వదేశీ సరకే కదా! సౌరఫలకములలోని సెల్లులు చాలభాగము చైనానుండి వచ్చుచుండుట మాత్రము ఈ వాదమునకు మింగుడుపడని సంగతి.

మన రాష్ట్రమున ఈ విద్యుత్తుపై పెద్ద కలహము రేగినది 2019లో. అది ధరల కలహము. గాలి, సౌర విద్యుత్తు ఒప్పందములలోని రేట్లు హెచ్చనుచు నాటి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ప్రభుత్వము పునఃపరిశీలనకు పూనుకొనెను. ఒప్పందపు రేట్లనే చెల్లింపవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పెను. ఆ ప్రభుత్వమే 2019లో ఆక్వా రైతులకు యూనిట్ 1 రూపాయి 50 పైసలకు ఇచ్చుటకు నిర్ణయించెను. ఒకచేత ధర తగ్గించి, మరొకచేత పాత ధర చెల్లించుట ఖజానాకు ఎంత బరువో చెప్పనక్కరలేదు.

ఇక డెల్టాలో ఫలకములు పరచుటకు ఖాళీ నేల యేది? కాలువక్రింది పొలము వరికో చెరువుకో పోయినది. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందినది. 2006లో అక్రమపు చెరువుగట్లు తెగగొట్టబడినవి. అందుచే రాయలసీమ ఎండయే గోదావరి జిల్లాలకు రావలెను. ఆ ఎండ సాయంత్రమునకు దిగిపోవును. ఏరేటరు అవసరము అప్పుడే హెచ్చును. పగటి కరెంటుతో నీటిని మీది జలాశయమునకు తోడి రాత్రి దింపు కేంద్రమొకటి పిన్నాపురమువద్ద చేపట్టబడినది. అట్లు నిలువచేసిన యూనిట్ ఖరీదు రైతు బిల్లులో పడునా, ఇతర వినియోగదారుల బిల్లులో పడునా యన్నది ఏలూరు, గూడెము సభలలో అభ్యర్థులను అడుగదగినది.