జేబు మీది డాలు



మొన్న మా లింగాల ఘనపూర్‌లో ఎదురింటి కుర్రవాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. జనగామలో కొన్న కొత్త టీషర్టు తొడుక్కున్నాడు. దాని ఎదమీద నీలం డాలు, అందులో తెరిచిన పుస్తకం, పుస్తకానికి పైన రెండు, కింద ఒకటి కిరీటాలు. తోటిపిల్లలు, "సీమకు పోయి సదివొచ్చినవారా?" అని నవ్వారట. ఇక దాన్ని తొడగనన్నాడు.

"గిది ఏ కంపెనీది, సారూ?" అని అడిగాడు.

కంపెనీది కాదు. అది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు చిహ్నం.

అసలు ఇటువంటి బొమ్మలకూ బట్టలకూ పాత చుట్టరికం ఉంది. 12వ శతాబ్దం నాటికి యూరపు యోధులు ఒళ్లంతా ఇనుప కవచం తొడిగేవారు. ముఖం కనిపించదు. మరి యుద్ధంలో మనవాడెవడో, పగవాడెవడో తెలిసేదెట్లా? అందుకని డాలు మీద ఒక గుర్తు వేసుకునేవారు. కవచంపై తొడిగే అంగీ మీద కూడా అదే గుర్తు! ఇంగ్లీషువారు దానిని "కోట్ ఆఫ్ ఆర్మ్స్" అనడంలో ఆ అంగీయే ఉన్నది. తరువాత కళాశాలలు కూడా ఇట్లాంటి డాళ్లు పెట్టుకున్నాయి. అవే కోటు జేబుల మీదికి ఎక్కాయి. (మన ఓరుగల్లు కాకతీయుల గుర్తు వరాహం. జేబుల సంగతి మాత్రం నన్నడక్కండి!)

మన తెలుగువారికీ చక్కని చిహ్నం ఒకటుంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుది. డాలు కాదు, గుండ్రంగా ఉంటుంది. సముద్రం, ఉదయించే సూర్యుడు, తామరపువ్వు, స్వస్తిక, అటూ ఇటూ రెండు పాములు. సముద్రమంటే అంతులేని జ్ఞానం. పాములు ఆ జ్ఞానాన్ని వెతికేవారు, కాపాడేవారు. గురుశిష్యులు తమ చదువు తేజస్సుతో వెలగాలని కోరుకునే సంస్కృత వాక్యం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ పుస్తకం మీద ఉన్న లాటిన్ మాటలు దేవుడే వెలుగని చెబుతాయి. చూశారా, రెండుచోట్లా కోరింది వెలుగే!

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 వరకు ఆ పాముల చిహ్నం కింద ఉపాధ్యక్షులుగా పనిచేసి, అదే 1936లో ఈ కిరీటాల చిహ్నం కిందికి ఆచార్యులుగా వెళ్లారు.

ఇది విన్నాక కుర్రవాడు చొక్కా సవరించుకున్నాడు. మర్నాడు అదే తొడుక్కుని, చేతిలో కాగితంతో వచ్చాడు. వాళ్ల బడికి చిహ్నం గీశాడట. చెరువు, తాటిచెట్టు, తెరిచిన పుస్తకం, అటూ ఇటూ రెండు ఎడ్లు.

"పాములేవిరా?" అన్నాను.

"ఒకటో తరగతోళ్లు ఏడుస్తరు, సారూ!"