చేతిపనికి తగిన వెల

ప్రతి సంవత్సరము ఆగస్టు 7వ తేదీన దేశమంతట జాతీయ చేనేత దినోత్సవము జరుగుచున్నది. 1905లో కలకత్తా నగరమున స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడిన దినమునకు స్మారకముగా 2015 నుండి ఈ ఉత్సవము నడచుచున్నది. ఆనాడు సభలు జరుగును. నేతగాండ్రకు శాలువలు కప్పుదురు. ఉపన్యాసకులు మన నేతనేర్పును వేనోళ్ల గొనియాడుదురు. సభ ముగిసినంతనే శ్రోతలు పక్కనున్న అంగడికి పోయి, చీర చేతబట్టి, “ఇంకెంత తగ్గింతురు?” అని యడుగుదురు. నేతగాడును తగ్గించును. ఈ తగ్గించుటయే మన చేతిపనులకు పట్టిన క్షయరోగమని మా నిశ్చితాభిప్రాయము.

నాణ్యమైన పనికి న్యాయమైన వెల యడుగుట లోభమని మనవారిలో నొక భ్రమ కలదు. ఖద్దరునకు ప్రాణము పోసిన మహాత్ముడే ఈ భ్రమను ఖండించెను. ఖద్దరు చౌకగా అమ్ముడుపోవలెనను ఆత్రముతో వడుకు స్త్రీలకు కడుపు నిండని కూలి ఇచ్చుచుండగా, 1935లో గాంధీజీ ఆ పద్ధతిని తప్పుపట్టి, గంటకొక అణా, అనగా ఎనిమిది గంటల పనికి ఎనిమిదణాలు ఇయ్యవలెనని వాదించెను. వెల పెరిగిన కొనువారుండరని కార్యకర్తలు భయపడిరి. అఖిల భారత చరఖా సంఘము ఆ మొత్తమును పూర్తిగా ఇయ్యజాలకపోయినను, జీవనమునకు చాలు కూలి ఇయ్యవలెనను సూత్రము నంగీకరించి కూలి పెంచెను. పేదరాలి ఆకలిని దాచిపెట్టి అమ్మిన చౌకవస్త్రము స్వదేశీ కానేరదని ఆనాడే తేలిపోయినది.

నేడు చీర వెల ఎట్లు కట్టబడుచున్నది? నూలునకు, పట్టునకు, జరీకి, రంగునకు లెక్క కలదు. మగ్గముపై కూర్చున్నవానికి ఏదో కొంత మజూరి కలదు. కాని పడుగు సాగదీసి గంజి పెట్టినవారికి, అచ్చు అతికినవారికి, కండెలు చుట్టిన ముసలితల్లికి లెక్క యేది? పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయవలెనన్న వేలకొలది మారులు చేయి ఆడింపవలెను. ఆ పనితో తల్లి భుజములు పడు బాధ చూడలేకయే ఆలేరు ప్రాంతపు శ్రీ చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. 2017లో వారికి పద్మశ్రీ బిరుదము లభించినది. కుమారుడు చూచిన ఆ శ్రమను బజారు ఏనాడైన వెలలో చేర్చెనా? ఇంటి ఆడువారి పని ఉచితమనుకొన్నంతకాలము చీరకు సరియైన వెల ఏర్పడదు.

ఫలితము కన్నులయెదుట నున్నది. 2019–20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో, నేతకుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులు నెలకు 5,000 రూపాయలకు లోబడి సంపాదించుచున్నట్లు తేలినది. ఇట్టి యింట పుట్టిన బాలుడు నాడె పట్టుట కేల ఇచ్చగించును? తండ్రి తగ్గించిన ప్రతి రూపాయియు కొడుకును మగ్గమునుండి ఒక అడుగు దూరము చేయుచున్నది. అంతేకాదు, ఒకడు అవసరమునకు లొంగి వెల తగ్గించిన, రేపు పొరుగువాని మజూరియు తగ్గును. ఒక్కని దైన్యము ఊరందరి ధరగా మారును.

మరమగ్గపు గుడ్డ చౌకగా దొరకుచుండగా హెచ్చువెల నెవరిత్తురని కొందరందురు. చౌకలో యంత్రముతో పోటీపడి చేయి ఎన్నడును గెలువదు. వాలుగచేప దవడతో దూదిని ఏకి వడికిన పొందూరు ఖద్దరునకును, ఉప్పాడ జాందానీకిని చౌకతనము గుణము కాదు, పనితనమే గుణము. గెలుపు అందే కలదు.

అయితే న్యాయమైన వెలకు న్యాయమైన సరుకు ప్రతిఫలము. రంగు వెలిసిపోవు చీరకు, మరమగ్గముపై నేసి చేనేతయని చెప్పిన చీరకు వెల యడుగుట దొంగతనమే. 2006లో ఏర్పడిన చేనేత ముద్రయు, పోచంపల్లి, వెంకటగిరి, గద్వాల, ఉప్పాడ చీరలకు లభించిన భౌగోళిక గుర్తింపును ఈ నమ్మకమును నిలుపుటకే కలవు. ఒక్క కల్తీ చీర పదిమంది నిజాయితీపరుల నోటికాడి కూడు తీయును.

కావున నేతసోదరులకు మా విన్నపము: ఒక్కొక్క ఊరివారు కలసి కూర్చుండి, నేతరకమును బట్టి కనీసపు వెల కట్టుకొనుడు. చీరతోడ ఒక చీటీ పెట్టుడు: నూలు ఇంత, రంగు ఇంత, దినములు ఇన్ని, పనిచేసిన చేతులు ఇన్ని. షావుకారు వద్ద నూలు తెచ్చి మజూరికి నేయువారు, చీర వెలపై అధికారము లేకున్నను, ఇంటిల్లిపాది శ్రమకు తగిన మజూరి నిలిచి అడుగుడు. సహకార సంఘములు ఈ పనికి పూనుకొననిచో అవి ఉండియు లేనట్లే.

కొనువారికిని ఒక మాట. వైద్యుని రుసుమును, వకీలు ఫీజును బేరమాడని మనము నేతగాని యెదుటనే ఏల గీచి గీచి బేరమాడవలెను? ఏడాదికి నాలుగు చీరలు కొనువారు రెండే కొని, ఆ రెంటికి తగిన వెల ఇచ్చిన చాలును. శాలువ కప్పి సన్మానించుటకంటె, చెప్పిన న్యాయమైన వెలను మారుమాటలేక చెల్లించుటయే నేతగానికి నిజమైన సన్మానము.