రెండవ విమానం

నేలమీద నిలిచి, రేడియో తరంగాల సాయంతో నమూనా విమానాన్ని ఎగురవేయడం నేటి యువతకు ఇష్టమైన విద్యలలో ఒకటి. నేషనల్ కేడెట్ కోర్ వైమానిక విభాగపు శిక్షణలో నమూనా విమానాల నిర్మాణం, చాలనం భాగాలు. నిజాం పాలనాకాలంలోనే మామునూరు విమానాశ్రయాన్ని చూసిన ఓరుగల్లుకు విమానంపై మక్కువ కొత్త కాదు. అయితే ఈ విద్యలో తొలిమెట్టు దాటిన విద్యార్థికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. శిక్షణ విమానం తరువాత ఏ విమానాన్ని ఎంచుకోవాలి? యుద్ధవిమానాన్ని పోలిన నమూనా కంటికి ఇంపుగా ఉంటుంది. మనసు దానివైపే పరుగెత్తుతుంది. ఆ ఎంపిక తొందరపాటని నా అభిప్రాయం.

ముందుగా శిక్షణ విమానపు స్వభావాన్ని గ్రహించాలి. దాని రెక్క దేహానికి పైభాగాన ఉండి, కొనలు కొంత పైకి లేచి ఉంటాయి. అందువల్ల అది ఒక పక్కకు ఒరిగినా, మీటలు వదిలితే చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. అభ్యాసకుని పొరపాటును మన్నిస్తుంది. ఆ మన్నింపునే తన నైపుణ్యమని భావించడం పెద్ద భ్రమ.

యుద్ధవిమానపు నమూనాకు సాధారణంగా రెక్క చిన్నది, బరువు ఎక్కువ. రెక్క వైశాల్యంలో ప్రతి చదరపు డెసిమీటరుకు వచ్చే బరువును రెక్కభారం అనవచ్చు. 1200 గ్రాముల విమానానికి 40 చదరపు డెసిమీటర్ల రెక్క ఉంటే ఆ భారం 30 గ్రాములు. 20 మాత్రమే ఉంటే 60 గ్రాములు. భారం రెట్టింపైతే, గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం సుమారు 1.4 రెట్లవుతుంది. వేగం పెరిగిన కొద్దీ ఆలోచనకు వ్యవధి తగ్గుతుంది. పైగా విమానం మనకు ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారుగా తోస్తాయి. ఆ క్షణంలో తడబడితే కూడబెట్టిన సొమ్ము మట్టిపాలవుతుంది. అంతకు మించి, కింద నిలిచిన మనిషికి ప్రమాదం.

కనుక రెండవ విమానం ఒక్క మెట్టు మాత్రమే పైన ఉండాలి. రెక్క దేహానికి మధ్యనో, కిందనో అమరి, దాని వెనుక అంచున ఐలెరాన్లనే కదిలే పలకలు ఉండాలి. రెక్కభారం మాత్రం శిక్షణ విమానానికి దగ్గరగా ఉండాలి. అటువంటి విమానం తనంతట తాను సర్దుకోదు. కాని చెప్పినట్లు వింటుంది. జైరో అనే పరికరం ఉంటే ఏ విమానమైనా నిలకడగా ఎగురుతుందని కొందరంటారు. అది గాలి తాకిడిని తగ్గించగలదు గాని, నడిపేవారి బదులు నిర్ణయం తీసుకోజాలదు.

ఎగురవేసే చోటు కూడా విచారించదగినదే. 2021 నాటి డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. మొదటి రెండింటిలో అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

పెద్దబాలశిక్ష ముగించిన మరునాడే వసుచరిత్ర చేపట్టినవాడు అందులోని శ్లేషలకు బెదిరి కావ్యాలకే దూరమవుతాడు. విమానవిద్యలోనూ అంతే. శిక్షణ విమానాన్ని తలచిన చోట వరుసగా పదిసార్లు దింపగలిగిననాడే రెండవదానికి అర్హత కలిగిందని విద్యార్థులు గ్రహించాలి.