నల్లమలను చూచుట

శ్రీశైలయాత్ర చేసి వచ్చిన వారిని "ఏమి చూచితిరి?" అని అడుగుడు. మల్లికార్జునస్వామిని చూచితిమనియు, భ్రమరాంబను సేవించితిమనియు, కృష్ణపై కట్టిన ఆనకట్టను చూచితిమనియు చెప్పుదురు. దోర్నాలనుండి గాని మన్ననూరునుండి గాని వారు దాటి వచ్చిన అడవిని గూర్చి అడిగినచో, "దారిలో అడవి కలదు, పులి మాత్రము కనబడలేదు" అందురు. అడవిని దారిగా మాత్రమే ఎంచు ఈ చూపు సరియైనది కాదని నా అభిప్రాయము. నేనును చాలకాలము అట్లే చూచినవాడను గనుక ఈ మాట నిష్ఠురముగా అనుట లేదు.

నల్లమల తూర్పు కనుమలలోనిది. కృష్ణా పెన్నా నదుల నడుమ సాగిన కొండల వరుస ఇది. కృష్ణ కావలనున్న అమరాబాదు పీఠభూమియు నల్లమలయే. 1983లో ఇక్కడి అరణ్యమును పులుల రక్షణ కొరకు ప్రత్యేకించిరి. 2014లో రాష్ట్రము రెండైనపుడు అడవియు రెండయ్యెను. పటము మీది ఆ గీత సంగతి పులికి తెలియదు.

ఇచటి వృక్షములు నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, సార, వెదురు మొదలైనవి. ఎండకాలమున ఆకు రాల్చి బోసిగా నిలుచు ఈ అడవి తొలకరి పడగానే చిగిర్చును. కణితులు, దుప్పులు, కొండగొఱ్ఱెలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, అలుగులు ఇందు కలవు. ఉడుత యనగా ముంగిట తిరుగు చిన్న ప్రాణియే యని తలచువారు ఇచటి బెట్టుడుతను చూచి తీరవలయును. తోకతో గూడ సుమారు మూడడుగుల పొడవుండి, అది కొమ్మనుండి కొమ్మకు ఎగురుచుండును.

పూర్వులు ఈ అడవిని కాలినడకనే దాటిరి. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమునకై ఒక ప్రకరణమునే కేటాయించెను. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల అహోబిలములకు మెట్లు కట్టించెను. అహోబిలమున నేటికిని సంక్రాంతి పిదప నరసింహస్వామి పల్లకి నెక్కి, పల్లెపల్లెకు పోయి, తన కల్యాణమునకు జనులను పిలుచును. దానిని పార్వేట ఉత్సవమందురు. ఆ స్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని కథ. శ్రీశైల మల్లన్నను చెంచులు తమ యల్లుడందురు. ఇరువురు దేవుళ్లకు పిల్లనిచ్చిన వారు ఈ కొండలలోని వారే యన్నమాట! ఆ దేవుళ్ల గుళ్లను మనము వారసత్వమందుము. పిల్లనిచ్చిన వారిని మాత్రము వెనుకబడిన వారందుము.

నేను ఉద్యోగములో నుండగా ఒకమారు ఎనిమిదవ తరగతి పిల్లలను నల్లమలకు తోడ్కొని పోయితిని. ఒక చెంచు పెద్ద మాకు దారి చూపుచు నడచెను. ఆయన భుజము మీది విల్లును చూచి పిల్లలు కొందరు నవ్విరి. నేను వారిని మందలింపలేదు. ఆ తప్పు నాది. కొంతదూరము పోవునప్పటికి ఆయన చేయెత్తి మమ్ము నిలిపెను. దూరమున కొండముచ్చొకటి దగ్గినట్లుగా అరచుచుండెను.

"చిరుతను చూసి అరుస్తాంది సారూ. పిల్లల్ని కదలనీయొద్దు" అని ఆయన మెల్లగా చెప్పెను.

ఆ యరపు ఆగువరకు నిలిచితిమి. చిరుతను మేము చూడలేదు. చెలమ యొద్ద తడి యిసుకలో దాని యడుగుజాడను చూచితిమి. పిల్లలలో నవ్వు లేదు.

"పెద్దయ్యా, నీవేమైన చదువుకొంటివా?" అని అడిగితిని.

"లేదు సారూ. ఈ మాను పేరు చెప్పు" అని ఆయన పక్కనున్న చెట్టును చూపెను. బెరడు గంటుపడిన చోట ఎఱ్ఱని బంక కారి యెండియున్నది. నాకు తెలియలేదు. అది ఏగిస. అమరకోశములోని 'అసన' శబ్దమును బాల్యముననే వల్లించితిని. ఆ చెట్టు ఎదుట నిలిచి గుర్తింపలేకపోతిని.

చెంచులు మాటలాడునది తెలుగే. తేనె కొరకు వారు కొండచరియపై తాడు కట్టుకొని దిగుదురు. ఆ తాటిని పట్టుకొనునది బావమరిది యని చెప్పుదురు. తోబుట్టువు పసుపు కుంకుమలను కోరువాడు తాటిని విడువడు గదా! పులులను కాచు శిబిరములలో అటవీశాఖవారు చెంచు యువకులనే కావలికి నియమించిరి. జాడ చదువ నేర్చినవారు వారికంటె ఎవరు కలరు?

అయినను, పులి నిశ్చింతగా నుండుటకై అడవి నడిమి చెంచుపెంటలను వెలుపలికి తరలింపవలెనను ప్రయత్నము కలదు. వెడలు కుటుంబమునకు పదునైదు లక్షల రూపాయలిచ్చు పథకమున్నది. ఈ వాదమును నేను తేలికగా త్రోసివేయను. పులికి జనసంచారము లేని చోటు కావలయును. చెంచు పిల్లలకు బడి కావలయును. అర్ధరాత్రి జ్వరము వచ్చిన బిడ్డను ఎత్తుకొని అడవిలో నడచు తల్లికి, అడవి అందమును గూర్చిన నా మాటలు ఏమి యోదార్పు? వెడలగోరు వారిని వెడలనిండు. కాని వెడలనొల్లని వానిని బలవంతపెట్టరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభ సమ్మతి కావలెననుచున్నది. సమ్మతియనగా కాగితము మీది వ్రేలిముద్ర కాదు.

మరియొక సంగతి. చెంచులు లేచిపోయినంత మాత్రమున అడవికి నిశ్శబ్దము దొరకునని నమ్మవచ్చునా? అమరాబాదు ప్రాంతమున యురేనియము కొరకు భూమిని తొలుచు ప్రతిపాదన రాగా జనులు ఎదిరించిరి. 2019లో తెలంగాణ శాసనసభ దానిని వ్యతిరేకించుచు తీర్మానము చేసెను. అట్టి వేళ, అడవిలో నిలిచి కాదనుటకు అక్కడ ఎవరో ఒకరు ఉండవలయును గదా! కర్ణాటకమున బిలిగిరి రంగస్వామి కొండలలో సోలిగలకు 2011లో అడవి హక్కులు లభించెను. అదియు పులుల అభయారణ్యమే.

మీ పాఠశాలవారు నల్లమలకు పోవునపుడు ఒక చెంచు పెద్దను గురువుగా పిలువుడు. ఉపాధ్యాయునికిచ్చు గౌరవము, భృతి ఆయనకు ఇండు. చేతిలో పుస్తకము, పెన్సిలు ఉంచుకొనుడు. ఆనాడు మా పెద్దయ్య చెప్పిన చెట్ల పేర్లను మా పిల్లలు నలువదికి పైగా వ్రాసికొనిరి. వానిలో సగము ఇంటికి వచ్చి నేను వెదకిన నిఘంటువులో లేవు.