సూత్రప్రాయ ఆమోదం చేతికందిన రుణం కాదు

సొంత ఇంటి కోసం బ్యాంకును ఆశ్రయించే మధ్యతరగతి కుటుంబానికి మొదట అందేది డబ్బు కాదు, సూత్రప్రాయ ఆమోద పత్రం. ఆ కాగితాన్నే రుణంగా భావించి అమ్మకందారుకు బయానా చెల్లించేవారు దేశమంతటా వున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ దశలో బ్యాంకు చూసేది దరఖాస్తుదారుని ఆదాయం, పాత బాకీలు, పరపతి చరిత్ర మాత్రమే. కొనదలచిన ఆస్తి జోలికి సాధారణంగా అది ఇంకా వెళ్ళదు. అసలు పరీక్ష ఆ తరువాతే. న్యాయవాది లింకు డాక్యుమెంట్లను, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను పరిశీలించి హక్కుపై అభిప్రాయం చెప్పాలి. ఇంజనీరు ఆమోదిత ప్లానుతో కట్టడాన్ని పోల్చి విలువ కట్టాలి. ఏ ఒక్కచోట తేడా వచ్చినా రుణం తగ్గవచ్చు, అసలుకే ఆగిపోవచ్చు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల రూపాయల వరకు రుణమైతే ఆస్తి విలువలో 90 శాతం, ఆపైన 75 లక్షల వరకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం దాటరాదు. 60 లక్షలకు బేరం కుదిరిన ఇంటికి బ్యాంకు 50 లక్షలే విలువ కడితే రుణం 40 లక్షలకు మించదు. మిగిలిన 20 లక్షలు, వాటితోపాటు రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనుగోలుదారే సమకూర్చుకోవాలి. బయానా ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే ఆ కుటుంబం గతి ఏమిటి?

తుది విడుదలలోనూ అక్రమాలు లేకపోలేదు. నిర్మాణ దశలను బట్టే సొమ్ము విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే ఆదేశించింది. అయినా ఢిల్లీ పరిసరాలలో పూర్తికాని ఫ్లాట్లకు బిల్డర్ల చేతికి ముందే సొమ్ము చేరిందన్న ఆరోపణలపై సుప్రీంకోర్టు 2025లో సీబీఐ దర్యాప్తునకు ఆదేశించవలసి వచ్చింది. కొన్ని సంస్థలు సొమ్ము ఇచ్చిన నాటినుంచి కాక, మంజూరు చేసిన నాటినుంచే వడ్డీ లెక్కగడుతున్నాయని గుర్తించిన రిజర్వు బ్యాంకు, అదనంగా వసూలు చేసిన మొత్తాన్ని వాపసు ఇవ్వాలని 2024 ఏప్రిల్ 29న స్పష్టం చేసింది.

డిపాజిటర్ల సొమ్ముకు పూచీ వహించే బ్యాంకులు తనిఖీ లేకుండా మాట ఇవ్వలేమనడం సబబే. తనిఖీలను సడలించాలని ఎవరూ కోరడం లేదు. జాప్యం, మౌనం మాత్రమే ఆక్షేపణీయం. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత రుణగ్రహీతలకు వడ్డీ, ఛార్జీల వివరాలతో ముఖ్యాంశాల పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. అదే స్పష్టత ఆమోద పత్రంలోనూ వుండాలి. ఆస్తిని ఇంకా పరిశీలించలేదన్న మాట మొదటి వాక్యంలోనే కనబడాలి. తనిఖీలకు గడువు విధించాలి. తిరస్కరణకు కారణాలు లిఖితపూర్వకంగా తెలపాలన్న నియమం కాగితాలకే పరిమితం కారాదు.

కొనుగోలుదారు సైతం హక్కులో లోపం వల్ల రుణం రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతును ఒప్పందంలో రాయించుకోవాలి. అందుకు అమ్మకందారు ఒప్పుకోకపోతే ఆ ఆస్తి విషయంలో తొందరపడకపోవడమే క్షేమకరం.