యంత్రం రాసినా పూచీ మనదే

గత నెల కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన లేచి అడిగారు: "మన పత్రికలో వ్యాసాలు ఈ మధ్య ఏఐతో రాయిస్తున్నారట, నిజమేనా? రేపు అందులో తప్పు వస్తే మేము ఎవరిని పట్టుకుని అడగాలి?"

నిజమే. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. కొన్ని నెలలుగా కొన్ని వ్యాసాలకు తొలి చిత్తుప్రతి ఏఐ చేత రాయిస్తున్నాం. ఆయన రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ సంపాదకీయం.

ఈ పత్రికకు జీతం తీసుకునే విలేకరులు లేరు. పగలంతా పొలంలో ఉండి రాత్రిపూట కూర్చుని రాసేవాళ్లమే అందరం. మాలో చాలామంది చదువు హైస్కూలుతోనే ఆగింది. ప్రభుత్వ ఉత్తర్వులు, పంటల బీమా నిబంధనలు ఇంగ్లీషులో పేజీలకు పేజీలు వస్తాయి. వాటి సారం తెలుసుకోవడానికి ఇదివరకు పట్నం వెళ్లి వకీలు గారినో, లెక్చరర్ గారినో బతిమాలుకునేవాళ్లం. వారికి తీరిక దొరికేసరికి గడువు దాటిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు ఆ పని ఒక పూటలో అవుతోంది. ఈ మేలును మేము కాదనం.

అయితే జరిగిన పొరపాట్లు కూడా మీ ముందు పెట్టాలి.

పత్తి మద్దతు ధర మీద వ్యాసం రాయించినప్పుడు చిత్తుప్రతిలో "ఎకరాకు 20 క్వింటాళ్ల దిగుబడి" అని వచ్చింది. వాన మీద ఆధారపడి పత్తి వేసే మనకు ఎకరాకు 8 క్వింటాళ్లు చేతికొస్తే ఆ ఏడు బాగున్నట్టే. పత్తి తీసిన చెయ్యి ఎవరిదైనా ఆ అంకె దగ్గర ఆగిపోతుంది. ఆరా తీస్తే, హెక్టారు లెక్కను ఎకరా లెక్కగా రాసేసిందని తేలింది. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు.

ఇది చిన్న తప్పు కాదు. సులువుగా ఉండేందుకు ఎకరాకు పెట్టుబడి 56,000 రూపాయలు అనుకుందాం. 8 క్వింటాళ్లు వస్తే క్వింటాలుకు పడే ఖర్చు 7,000. అదే 20 క్వింటాళ్లని రాస్తే 2,800. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. మొదటి లెక్కలో రైతుకు మిగిలేది క్వింటాలుకు 1,110. రెండో లెక్క చూసినవాడు "ఖర్చుకు దాదాపు మూడు రెట్లు ఇస్తున్నారు కదా, ఇంకా ధర్నాలు ఎందుకు?" అంటాడు. ఆ అంకె అచ్చయితే మన పత్రికే మన మీద సాక్ష్యం చెప్పేది.

అదే వ్యాసంలో ఇంకో మాట: స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టే ఖర్చుకు ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తున్నారని. ఏ ఖర్చుకు అన్నదే కదా రైతు సంఘాలు ఇన్నేళ్లుగా అడుగుతున్నది! 2018-19 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన ఒకటిన్నర రెట్లు ఏ2+ఎఫ్ఎల్ మీద. అంటే చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది శ్రమ. మనం అడిగేది సీ2 మీద. అందులో సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలుస్తాయి. ఈ తేడాను చిత్తుప్రతి ఒక్క వాక్యంతో చెరిపేసింది.

మూడోది అంకెల తప్పు కూడా కాదు. "అవగాహన లేక రైతులు దళారులకు అమ్ముకుంటున్నారు" అని రాసింది. చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. 12 శాతం దాకా కోత పెట్టి కొంటారు, దాటితే వెనక్కి పంపుతారు. మొదటి తీత పత్తి మంచుకు తడిసి ఉంటుంది. ఆరబోసుకోవడానికి కళ్లం లేదు, ఇంట్లో చోటు లేదు. ఎరువుల కొట్టు బాకీ, కూలి డబ్బులు నెత్తిన ఉంటాయి. ఇవన్నీ తెలిసే రైతు దళారి దగ్గరికి వెళ్తున్నాడు, వేరే దారి లేక. లోపాన్ని రైతు నెత్తిన వేసే ఇలాంటి వాక్యాన్ని పట్టుకోవడం అంకెను పట్టుకోవడం కన్నా కష్టం.

యంత్రానికి మన మీద పగ లేదు. ఎక్కడెక్కడో ఇతరులు రాసినవాటి నుంచి నేర్చుకుని అది మాటలు కూరుస్తుంది. కౌలు రైతు లెక్కల పుస్తకం, పత్తి తీసే ఆడకూతురి మాట దాని దగ్గర లేవు. పైగా ఒప్పునూ తప్పునూ ఒకే ధీమాతో చెబుతుంది. అందుకే సంపాదకవర్గం కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది.

ఒకటి, వ్యాసం ఏ సమస్య మీద, ఏ వైపు నిలబడి రాయాలన్నది ముందు మనమే కూర్చుని తేల్చుకోవాలి. ఆ తర్వాతే చిత్తుప్రతి.

రెండు, ప్రతి అంకెనూ ఒకరు అసలు కాగితంతో సరిచూడాలి. ఆ పంట వేసే రైతు ఒకరు వ్యాసం మొత్తం చదవాలి. ఇద్దరూ ఆఫీసు ప్రతి మీద సంతకం చేశాకే అచ్చుకు వెళ్తుంది.

మూడు, గడువులు, ధరలు, దరఖాస్తు వివరాలు యంత్రం చెప్పిందని వేయం. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వడగళ్లకో, ముంపుకో పంట పోతే 72 గంటల్లో తెలపాలి. మనం అక్కడ "7 రోజులు" అని వేస్తే, మన పత్రికను నమ్మిన రైతు పరిహారం పోగొట్టుకుంటాడు.

నాలుగు, సభ్యుల ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు వివరాలు అందులో ఎక్కించకూడదు. పంట పోయిన ఇంటి గోడు, మనిషిని పోగొట్టుకున్న ఇంటి గోడు యంత్రం చేత రాయించం. ఆ గడపలో కూర్చుని విని మనమే రాస్తాం.

ఐదు, ఏఐ సాయం తీసుకున్న వ్యాసం కింద ఆ మాట వేస్తాం. సరిచూసినవారి పేర్లు కూడా వేస్తాం.

ఇక పెద్దాయన ప్రశ్నకు జవాబు: తప్పు వస్తే మమ్మల్ని అడగండి. "యంత్రం రాసింది" అని తప్పించుకునే హక్కు మాకు లేదు. తప్పు తేలితే తర్వాతి సంచిక మొదటి పేజీలోనే సవరణ వేస్తాం.

సభ్యులకు మా విన్నపం ఒక్కటే. విత్తనం కొన్న రోజు నుంచి పత్తి అమ్మిన రోజు దాకా ఖర్చు రాసి పెట్టండి. మీ ఇంటివాళ్లు చేసిన పని దినాలు కూడా రాయండి. మండల సమావేశాలకు ఆ పుస్తకం తెండి. ఏ చిత్తుప్రతినైనా సరిదిద్దడానికి మన చేతిలో ఉన్న ఆధారం అదే.